ఆకుపచ్చ కంచం

మూడో బ్లాకు, రెండో అంతస్తు
ఎండలు ముదురుతున్న రోజులు

చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానేమిటా అని ఆశ్చర్యపోకు. ఫోన్లో అయితే నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు సలహాలిస్తావు, నాకు ఒళ్ళు మండి పెట్టేస్తాను. నాన్న పోయినప్పటినుంచీ మన ఫోన్లన్నీ అలాగే తెగాయి. ఉత్తరమైతే నువ్వు నోరు మూసుకుని చివరిదాకా చదివి తీరాలి.

విషయం ఏమిటంటే, మీ బావకి గుండెలో కాస్త తేడా చేసింది. కంగారుపడకు, చిన్నదే. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచి మాత్రలిచ్చి పంపించారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. బాగాలేనిది తిండి.

ఈ పెద్దవాళ్ళ కాలనీ సంగతి నీకు తెలుసుగా. రెండు గదులు, కిటికీ పక్కన రెండు బర్నర్ల స్టవ్వు, కింద అందరికీ కలిపి భోజనాల హాలు. మధ్యాహ్నం అక్కడ తినాలి, రాత్రి ఎవరి వంట వాళ్ళది. హాల్లో అందరికీ తెల్ల కంచాలు. గుండె జబ్బుంటే మాత్రం ఆకుపచ్చ కంచం. అందులో ఉప్పు లేని కూర, నూనె లేని కూర, అసలు కూరే కాని కూర. ఆ కంచాల వాళ్ళు చేతులు కడుక్కునే చోటు పక్కన విడిగా కూర్చోవాలి. పక్క బల్ల మీద వేపుడు పొగలు కక్కుతుంటే వీళ్ళు తలొంచుకుని ఉడకబెట్టిన సొరకాయ ముక్కలు లెక్కపెట్టుకుంటారు. బడిలో తప్పు చేసిన పిల్లల్ని విడిగా కూర్చోబెడతారు చూడు, అలాగ.

ఇదంతా మేనేజరమ్మ కనిపెట్టిన పద్ధతి. ఆవిడ అన్నం కూడా తూచి పెట్టిస్తుంది కాబట్టి మేమంతా త్రాసమ్మ అంటాం. నిన్న నేను అడిగాను, "ఈ కూర మీరు ఎప్పుడైనా తిన్నారా?" అని. "నాకు గుండె జబ్బు లేదండీ" అని నవ్వింది. ఆ నవ్వు చూసి అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టినదాన్ని, చిల్లర లేదనేవాళ్ళని ఎంతమందిని దింపేశానో. ఈవిడని ఏ స్టాపులో దింపాలో తెలియడం లేదు.

తడిసిన అట్టముక్క నమిలినట్టుంటుంది ఆ కూర. పాపం మీ బావకి.

నువ్వు ఆస్పత్రి వంటగదిలో గుండె వార్డుకి ట్రేలు పంపుతూ రిటైరైనదానివి కదా, ఏం తినొచ్చో ఏం తినకూడదో చెప్పు. నీ సలహా అడుగుతున్నాననుకుని పొంగిపోకు. ఆయన కోసం అడుగుతున్నాను.

అక్క

*

మేడ మీది గది

అక్కకి,

నమస్కారాలు. ఉత్తరం చదివి కాళ్ళూ చేతులూ ఆడలేదు. బావకి గుండె బాగాలేకపోతే నాకు ఇన్నాళ్ళకా చెప్పేది? ఆస్పత్రిలో ఉన్నప్పుడు చెప్పకూడదా? నేనేమన్నా పరాయిదాన్నా?

సరే, ఇప్పుడు విను. ఆ మేనేజరమ్మ నవ్వింది తప్పే గానీ ఆ కంచంలో తప్పేం లేదు. బావకి ఉప్పు వద్దు. వేపుడు వద్దు. బయట తిండి అసలు వద్దు. హోటల్లో ఒక్కపూట తింటే మూడు రోజుల ఉప్పు ఒంట్లోకి పోతుంది. ఉప్పు నీటిని పట్టుకుంటుంది, ఆ నీరంతా గుండె తొయ్యలేక తొయ్యలేక అలిసిపోతుంది. కాళ్ళు వాస్తాయి, పడుకుంటే ఆయాసం వస్తుంది. బావ చీలమండల దగ్గర వేలితో నొక్కి చూడు. గుంట పడి అలాగే ఉండిపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు.

రొట్టెల్లో, సాసుల్లో, పాకెట్లలో అమ్మే ప్రతిదాంట్లో ఉప్పుంటుంది. నాలిక్కి తెలియదు, గుండెకి తెలుస్తుంది. మీ కాలనీ నుంచి శనివారం శనివారం మూల మీది హోటల్‌కి బండి వెళ్తుందని క్రితంసారి చెప్పావు. బావని ఆ బండి ఎక్కనివ్వకు. ఎక్కితే టైరు కింద పడుకో.

నా మాట కఠినంగా ఉందంటావు. ముప్పై రెండేళ్ళు ఆ వార్డులో ఎవరి ట్రే వెనక్కొచ్చిందో, ఎవరి మంచం ఖాళీ అయిందో చూసినదాన్ని. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

చెల్లి

*

మూడో బ్లాకు, రెండో అంతస్తు

చెల్లికి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. నవ్వారు. నవ్వి, శనివారం బండెక్కారు.

నేనూ వెళ్ళాననుకో, తోడుగా. హోటల్‌ చిన్నదే, ఆరు బల్లలు. కానీ ఆ వంటాయన చెయ్యి ఉంది చూడు! బంగాళాదుంపలు సన్నగా కోసి ఎర్రగా వేపి, పొయ్యి మీంచి దించీ దించగానే ఉప్పూ మిరియాలూ చల్లుతాడు. నోట్లో వేసుకుంటే కరకరమని చప్పుడు చెవికి వినిపిస్తుంది. గుడ్డు అంచులు గోధుమరంగులోకి తిరిగేదాకా ఆగుతాడు, మధ్యలో పచ్చసొన మాత్రం వణుకుతూ ఉంటుంది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది. అంటే, మీ బావకి.

సోమవారం ఎవరు చెప్పారో ఏమో, త్రాసమ్మకి తెలిసిపోయింది. హాల్లో అందరి ముందూ "ఆకుపచ్చ కంచం వాళ్ళు బండెక్కకూడదని రాసి పెట్టాం కదండీ" అంది. తల కొట్టేసినట్టయింది. అరవై దాటిన మనుషులం, ఏం తినాలో ఈవిడ చెప్తే గానీ తెలియదా? నా ముందున్న కంచం ఆవిడ వైపు నెట్టి లేచి వచ్చేశాను.

నీ సలహాలకి థాంక్స్. దాచిపెట్టుకో. అడిగినందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి. నువ్వు ఒకసారి నాన్న మీద ఈ సలహాలన్నీ ప్రయోగించావు. ఏమైందో ఇద్దరికీ తెలుసు. మళ్ళీ ఇంకొకరి నోటి ముందు నుంచి కంచం లాగడానికి నిన్ను పిలవను.

అక్క

*

మేడ మీది గది

అక్కా,

నమస్కారాలూ గిమస్కారాలూ ఏమీ లేవు ఈసారి.

నీ పెళ్ళయిన కొత్తలో నువ్వు ట్రైనింగ్‌కని వెళ్తే నేను వచ్చి బావకి నెల రోజులు వండిపెట్టాను. గుర్తుందా? ఒకరోజు కూరలో ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను. బావ వాచీలు బాగుచేస్తూ బాగుచేస్తూ అదే ధ్యాసలో వచ్చి కూర్చుని, రెండుసార్లు వడ్డించుకుని తిని, "మరదలా, మీ అక్క కంటే నువ్వే బాగా వండావు" అన్నాడు. వాచీలో నూగింజంత మర వదులైతే కనిపెట్టే మనిషి, కూరలో ఉప్పుందో లేదో ఈ జన్మకి కనిపెట్టలేడు. నువ్వే వంద మందికి చెప్పి నవ్వావు.

ఆ బావకి ఆకుపచ్చ కంచంలో కూర తడిసిన అట్టముక్కలా ఉందా? బావ వేపుడు కోసం బండెక్కాడా? పచ్చసొన వణకడం బావ చూశాడా? అందరి ముందూ మేనేజరమ్మ అన్నది బావని అయితే, నెట్టిన కంచం నీ ముందుకెలా వచ్చింది?

నువ్వే. ఆ గుండె నీది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నది నువ్వు.

ఇది రాస్తున్నది భయంతో కాదు, కోపంతో. తోడబుట్టినదానికి అబద్ధం చెప్తావా? అదీ గుండె గురించి? రోగం నీదైతే మందు ఆయనకి అడుగుతావా? నీ అంత మొండిదాన్ని నేను నా వార్డులో కూడా చూడలేదు. నిజం రాయి. కాళ్ళు వాచాయా లేదా అది ముందు రాయి.

చెల్లి

*

మూడో బ్లాకు, రెండో అంతస్తు
మొదటి వాన పడిన రోజు

చెల్లీ,

అవును, నాదే. నేనే. చాలా? సంబరపడు, కనిపెట్టావుగా.

కాళ్ళు వాచాయి. నొక్కితే గుంట పడి ఉండిపోతోంది. రెండు తలగడలు లేకుండా పడుకోలేకపోతున్నాను. డాక్టర్ మాత్రలు మార్చాడు. త్రాసమ్మ ఆఫీసుకి పిలిచి మెత్తగా చెప్పింది, "ఇలాగే ఉంటే మీరు నర్సుల బ్లాకుకి మారాల్సి వస్తుందండీ. వానలు తగ్గేలోపు మళ్ళీ పరీక్ష ఉంది. అప్పుడు చూద్దాం" అని. నర్సుల బ్లాకంటే ఏమిటో తెలుసా? తోటకి అవతల ఉంది. ఒక మంచం, ఒక బీరువా. స్టవ్వు ఉండదు. మీ బావ ఇక్కడే ఉంటారు, నేను అక్కడ ఉంటాను. ఆయన సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చుని వెళ్తారు, చుట్టం చూపుకి వచ్చినట్టు. ఇన్నేళ్ళు ఒక్క చెంచా సొంతంగా కడిగి ఎరుగని మనిషి ఒక్కడూ ఎలా ఉంటాడు? నేనెలా ఉంటాను?

అందుకే నిన్ను అడిగాను. నా కోసమని అడగలేక ఆయన పేరు పెట్టాను. ఎందుకు అడగలేకపోయానో నీకు తెలియదా? చెప్తాను, చదువు.

మిల్లు కాంటీన్లో వెయ్యిమందికి వండిన మనిషి మన నాన్న. గరిటెతో ఒక్క చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని నాకి, కళ్ళు మూసుకుని, "ఇంకో చిటికెడు" అనేవాడు. ఆ చిటికెడుతో కూరకి ప్రాణం వచ్చేది. నాకు వంట నేర్పింది ఆ అరచెయ్యే. ఆ మనిషిని ఆఖరి రెండేళ్ళు నీ ఇంట్లో పెట్టుకుని ఉప్పురాయి చూపించలేదు నువ్వు. గుడ్డు వేపుడు తినాలనుందమ్మా అని నాకు ఫోన్లో చెప్పుకున్నాడు, చిన్నపిల్లాడిలా. నేను వండి, నా స్టీలు డబ్బాలో పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చాను. గుమ్మంలోనే నా చేతిలోంచి డబ్బా లాక్కున్నావు. "లోపలికి రానిస్తాను, డబ్బా రానివ్వను" అన్నావు. నేను చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగాను. ఆ వారంలోనే నాన్న పోయాడు.

నాన్నని ఆకలితో పంపించావు నువ్వు. ఇప్పుడు నా వంతు వచ్చిందని తెలిస్తే నువ్వు రెక్కలు కట్టుకుని వస్తావని, నా నోటికీ తాళం వేస్తావని భయపడ్డాను. అదీ సంగతి.

ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. ముప్పై రెండేళ్ళు ఆ ట్రేలు పంపావు కదా. ఒక్కటంటే ఒక్కటి నువ్వు తిన్నావా?

అక్క

*

మేడ మీది గది

అక్కా,

తినలేదు. తినాల్సిన అవసరం నాకు రాలేదు.

నాన్నకి డాక్టర్ మూడు నెలలన్నాడు. రెండేళ్ళు ఉంచాను. నువ్వు నెలకోసారి చుట్టంలా చూసి పోయేదానివి, నేను రోజూ ఆయన మంచం పక్కన నేల మీద పడుకునేదాన్ని. ఆయాసం వస్తే లేపి కూర్చోబెట్టి వీపు రాసింది ఈ చేతులే. ఆకలితో పంపించానట! ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నీకు జబ్బు కాబట్టి ఊరుకుంటున్నాను. లేకపోతే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

నీ సవాలు నాకు అర్థమైంది. సరే. ఇవాళ్టి నుంచి నీ పరీక్ష రోజు దాకా నేను కూడా అదే తింటాను. ఉప్పు డబ్బా తీసి పక్కింటివాళ్ళకిచ్చేశాను. నువ్వు కూడా తినాలి. హాల్లో మధ్యాహ్నం, ఇంట్లో రాత్రి. శనివారం బండి లేదు. ముందు ఎవరు తప్పితే వాళ్ళు ఓడినట్టు. అబద్ధం ఆడితే నాకు తెలుస్తుంది, నీ రాతలోనే తెలిసిపోతోంది.

చెల్లి

*

మూడో బ్లాకు, రెండో అంతస్తు

చెల్లీ,

మొదలుపెట్టాను. నీ మీద పంతంతో తింటున్నాను, ఇంకే కారణంతోనూ కాదు.

ఇంకో సంగతి విను, నవ్వొస్తే నవ్వుకో, నాకైతే ఏడుపొచ్చింది. మీ బావ నాతో పాటు తను కూడా ఆకుపచ్చ కంచమే తీసుకుని, కడుక్కునే చోటు పక్కకి వచ్చి కూర్చున్నారు. నేను కరిగిపోయాననుకో. "ఎందుకండీ నా కోసం ఈ కష్టం" అంటే, "కష్టమేముంది? అక్కడ ఫ్యాను సరిగ్గా తిరగడం లేదు. అయినా రెండు కంచాల్లోనూ ఒకటే కూరగా" అన్నారు. కంచం ఎత్తి ఆయన నెత్తి మీద బోర్లించాలనిపించింది. ఇన్నేళ్ళూ నేను చిటికెడు చిటికెడు చూసి వండిందంతా ఎవరికి వండినట్టు!

సొరకాయ. రేపు కూడా సొరకాయేనట.

అక్క

*

మేడ మీది గది
ముసురు

అక్కా,

ఇది తిండి కాదు.

వారం రోజులు ఓపిక పట్టాను. నా చేత్తో నేనే ట్రే లెక్క ప్రకారం వండుకుని, కూర్చుని, నీ మీద కోపంతో ముద్ద ముద్దా మింగాను. ఎనిమిదో రోజు గిన్నె తీసుకెళ్ళి సింకులో కొట్టాను. చొట్ట పడింది. నేను ఇన్నేళ్ళూ పంపింది ఇదా? ఇది పంపించి, ట్రే వెనక్కొస్తే "రోగులకి క్రమశిక్షణ లేదు" అని మీటింగుల్లో చెప్పానా? ఎవరి మీద అరవాలో తెలియక గోడ మీద అరుస్తున్నాను. కింద అద్దెకున్నవాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు.

పొరపాటు ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. మేము తీసెయ్యడం నేర్చుకున్నాం, పెట్టడం నేర్చుకోలేదు. ఉప్పు తీసేశాం, ఆ ఖాళీలో ఏమీ పెట్టలేదు. కాబట్టి ఇలా చెయ్యి. ఉల్లిపాయ సన్నగా కోసి, చెంచాడు నూనెతో చాలాసేపు, ఓపిగ్గా, బెల్లం రంగు వచ్చేదాకా వేపు. నీకు ఓపిక లేదని తెలుసు, అయినా వేపు. టమాటా నీళ్ళన్నీ ఇగిరి ముద్దయ్యేదాకా ఉంచు. వెల్లుల్లి పొట్టుతోనే కాల్చి చిదిమి కలుపు. మిరియాలు అప్పటికప్పుడు దంచు. నిమ్మకాయ మాత్రం పొయ్యి మీద ఉండగా పిండకు, దించాక పిండు. ఉప్పు చేసే పని సగం పులుపు చేస్తుంది. ఉప్పుకి బదులని ఒక పొడి అమ్ముతారు, డాక్టర్‌ని అడక్కుండా దాన్ని ముట్టుకోకు, నీ మాత్రలకి పడకపోవచ్చు.

ఈ సంగతి ముప్పై రెండేళ్ళ కింద నాకు ఎవరైనా చెప్పి ఉంటే! ఎవరు చెప్తారు? ఎవరూ తినలేదుగా.

చెల్లి

*

మూడో బ్లాకు, రెండో అంతస్తు
వానలు తగ్గుతున్నాయి

చెల్లీ,

నీ ఉల్లిపాయ తగలెయ్య. వేపీ వేపీ చెయ్యి పడిపోయింది. మొదటిసారి మాడింది. రెండోసారి కుదిరింది. దించాక నిమ్మకాయ పిండి, నాన్నలాగే ఒక చుక్క ఎడమ అరచేతిలో వేసుకున్నాను. చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బా కోసం వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. బాగానే ఉంది. బాగానే అంటున్నాను, బాగుందనలేదు.

ఒక గిన్నెడు పట్టుకుని కింద హాలుకి వెళ్ళాను. త్రాసమ్మ ముందు పెట్టి, "గుండె జబ్బు లేకపోయినా తినండి" అన్నాను. హాలంతా చూస్తోంది. తినక తప్పలేదు ఆవిడకి. ఇంకో చెంచా తీసుకుంది, ఇంకోటి తీసుకుంది. "వంటవాళ్ళకి చూపిస్తారా?" అంది. "చూపిస్తాను గానీ కడుక్కునే చోటు పక్క బల్లలు తీయించండి. మాకేం అంటురోగాలు లేవు" అన్నాను. బేరాలాడింది. నాతోనా! బల్లలు మారాయి. ఇప్పుడు మా బల్ల కిటికీ పక్కన. ఒకప్పుడు దర్జీ పని చేసిన తెల్ల కంచం ఆయన ఒకరు, ఇది నాలిక్కి పదును పెట్టే కూర అంటూ రోజూ వచ్చి నా కంచంలోంచి ఎత్తుకుపోతున్నాడు.

వాపు కాస్త తీసింది. ఒక్క తలగడతో పడుకుంటున్నాను.

ఇదంతా రాశానని మన మధ్య అంతా సర్దుకుందనుకోకు. ఈ పద్ధతి అప్పుడే నీకు తెలిసుంటే నాన్న ఆ రెండేళ్ళూ మనిషిలా తిని ఉండేవాడు. ఉల్లిపాయ వేపినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చి కడుపు మండుతోంది. ఆ డబ్బా మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. ఒక్క ముక్క, చెల్లీ. ఒక్క ముక్క పెడితే ఏం పోయేది?

అక్క

*

మేడ మీది గది

అక్కా,

పెట్టాను.

చాలించు ఇక. ఇన్నేళ్ళుగా చుట్టాల ముందూ, పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చునీ, నువ్వు "నాన్నని ఆకలితో పంపింది" అంటుంటే నోరెత్తకుండా విన్నాను. ఇంక నా వల్ల కాదు. నాన్నకిచ్చిన మాట తప్పుతున్నాను, ఆ పాపం నీదే.

నువ్వు విసురుగా వెళ్ళిపోయాక డబ్బా వంటగదిలో పెట్టి వచ్చాను. నాన్న కళ్ళు తెరిచి ఉన్నాడు. "గుడ్డు వాసన వస్తోంది. పెద్దది వచ్చిందా?" అన్నాడు. వచ్చి వెళ్ళిందన్నాను. "మరి తే" అన్నాడు. నేను కదల్లేదు. ఆయన నా మొహం చూస్తూనే ఉన్నాడు. వెళ్ళి డబ్బా తెచ్చాను. నేనే తుంచి నోట్లో పెట్టాను.

నమిలాడు. మొహం చిట్లించాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ నమిలాడు. "ఉప్పు ఎక్కువైందే. దాని చెయ్యి ఇలా ఎప్పుడు మారింది?" అన్నాడు. నీ ముచ్చట తీర్చడానికేమో ఇంకో ముక్క అడిగి అదీ తిన్నాడు, మంచినీళ్ళు తాగుతూ. "ఇంక చాలు, మిగతాది నువ్వు తినెయ్. దానికి మాత్రం చెప్పకు. నొచ్చుకుంటుంది. ఉప్పు విషయంలో దానికి నా అంత పేరు" అన్నాడు.

మిగతాది నేను తిన్నాను, వంటగదిలో నిలబడి. ఉప్పు సరిగ్గా ఉంది, అక్కా. నీ చెయ్యి మారలేదు. మారింది నాన్న నాలుక.

ఇదీ జరిగింది. ఆయన చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు. నువ్వు నొచ్చుకోకుండా ఉండటానికి నేను ఇన్నేళ్ళు తిట్లు తిన్నాను. ఇప్పుడు నొచ్చుకో. నీ ఇష్టం.

చెల్లి

*

మూడో బ్లాకు, రెండో అంతస్తు
శనివారం

చెల్లీ,

నీ ఉత్తరం చదివి ముక్కలు చేశాను. మళ్ళీ ఏరి అతికించి చదివాను. అబద్ధం అనుకున్నాను. నాన్న నా చేతి వంటకి ఆ మాట అనడు. మిల్లు కాంటీన్లో ఆయన సెలవు పెడితే నన్ను పిలిచేవాళ్ళు ఉప్పు చూడటానికి. నాకు ఉప్పు ఎక్కువవుతుందా? నిన్ను నువ్వు కాపాడుకోవడానికి చచ్చిపోయిన మనిషి నోట్లో మాటలు పెడతావా అని, మీ బావ ముందు నిన్ను అనరాని మాటలన్నాను. ఆయన వాచీ విప్పుకుంటూ అన్నీ విని, "మీ చెల్లి అబద్ధం చెప్పదు. అది నీ పని" అన్నారు.

బుధవారం పరీక్ష అయింది. గట్టెక్కాను. గుండె పూర్తిగా బాగుపడదట గానీ కాళ్ళలో నీరు లేదు, ఊపిరితిత్తులు తేలిగ్గా ఉన్నాయన్నాడు డాక్టర్. నర్సుల బ్లాకు మాట త్రాసమ్మ ఎత్తలేదు. పైగా నెలకి ఒక్క శనివారం బండెక్కొచ్చు అంది, డాక్టర్‌ని అడిగే. పందెం ముగిసింది, ఇద్దరం నిలబడ్డాం.

ఇవాళ శనివారం. బండెక్కాను. నీ నోరు మూయిద్దామనే ఎక్కాను, నిజం చెప్తున్నాను. అదే బల్ల దగ్గర కూర్చున్నాను. గుడ్డు వేపుడు చెప్పాను, ఇదివరకు ఎలా చేశాడో అలాగే చెయ్యమన్నాను. వచ్చింది. అంచులు గోధుమరంగులో ఉన్నాయి, మధ్యలో పచ్చసొన వణుకుతోంది. ఇన్ని వారాలు దీని కోసం కలలు కన్నాను.

నోట్లో పెట్టుకున్నాను.

వంటాయన్ని పిలిచాను. మనసులో ఉన్న కోపమంతా కక్కేశాను ఆయన మీద, "వంటేనా ఇది, ఇంత ఉప్పు ఎవరైనా వేస్తారా, మనుషులకి పెడుతున్నావా పశువులకి పెడుతున్నావా" అని. ఆయన బిత్తరపోయి, "ఎప్పుడూ వేసేంతే వేశానమ్మా. మీరే కదా బాగుందని మెచ్చుకునేవారు" అన్నాడు. మీ బావ నా కంచంలోంచి ముక్క తీసుకుని తిని, "బాగానే ఉందిగా" అన్నారు. ఆయన్ని అడిగి లాభం లేదు కదా. పక్క బల్ల వాళ్ళని తినమన్నాను. సరిగ్గా ఉందన్నారు. తెల్ల కంచం వాళ్ళు.

అప్పుడు మంచినీళ్ళు తాగాను. మళ్ళీ ఇంకో ముక్క తిన్నాను, వంటాయన నొచ్చుకుంటాడని. తిన్నాక తెలిసింది నేనేం చేశానో. ఆ హోటల్లో, అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఏమైందమ్మా అంటే ఏం చెప్పను? ఉప్పు ఎక్కువైందనే చెప్పాను.

నాన్న అబద్ధం చెప్పలేదే. నువ్వూ చెప్పలేదు.

నీ మీద కోపం పోయిందనుకోకు. ఇప్పుడు ఇంకా ఎక్కువుంది. ఇన్నేళ్ళు నేను తిడుతుంటే పడి ఊరుకున్నావు చూడు, దానికి. ఒక్కసారి, ఒక్క పెళ్ళిలో, నోరు తెరిచి నన్ను నాలుగు తిట్టి ఉంటే ఇంత దూరం వచ్చేదా? ఆ కోపం ఎదురుగా నిలబడి చూపించాలి, ఉత్తరంలో చాలదు. బయల్దేరి రా.

వచ్చేటప్పుడు నా స్టీలు డబ్బా తీసుకురా. పారేసి ఉండవు, నాకు తెలుసు. ఖాళీగా మాత్రం తేకు. ఏం వండుతావో నీ ఇష్టం, ఉప్పు సంగతి ఇక నాకు చెప్పక్కర్లేదు.

అక్క